కారు ముక్కులో సీసం

రేసు కారుకు రెక్కలుంటాయని చెబితే మా గోదావరిఖని ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఎగురుతదా అని అడిగేవాళ్లు. ఎగరకుండా ఉండడానికే ఆ రెక్కలు అని చెప్పేదాన్ని. పిట్ట రెక్క గాలిని కిందికి తోసి ఒంటిని పైకి లేపుతుంది. రేసు కారు రెక్కను తలకిందులుగా బిగిస్తారు. అది గాలిని పైకి తోసి కారును రోడ్డుకు అదిమి పెడుతుంది. ఒక్క మనిషి మాత్రమే పట్టే ఆ సన్నటి కార్లకు ముందు ఒక రెక్క, వెనక ఒక రెక్క ఉంటాయి. వాటిని ఫైబరుతో చేసే పనిలో నా చేతులు అరిగిపోయాయి. తెలంగాణ వచ్చిన ఏడాది ఆ పని మానేశాను.

ఇప్పుడు మన వైపు నుంచి కొంతమంది పిల్లలు, ఆడపిల్లలు కూడా, ఈ పనిలోకి వెళుతున్నారని విన్నాను. జీతం ఎంత, సెలవులు ఎన్ని అన్నది వేరేవాళ్లు చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ఒక డ్రైవర్ సంగతి. కోపం తగ్గాక నిదానంగా రాద్దామని చాలా కాలం ఆగాను. తగ్గలేదు. అందుకని ఇలాగే రాస్తున్నాను.

షెడ్డు

మా అక్క భర్త కొమురయ్య బావ నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపేవాడు. డంపర్ అంటే ఇల్లంత ఎత్తుండే లారీ. ముందుగానే రిటైర్మెంటు తీసుకుని, వచ్చిన డబ్బుతో రామగుండం వెళ్లే దారిలో ఫైబర్ షెడ్డు పెట్టాడు. కరెంటు ప్లాంట్లకు రేకులు, నీళ్ల ట్యాంకులు చేసేవాళ్లం. మా ఆయన పోయాక నేను అక్కడ పనికి కుదిరాను.

అచ్చుకు మైనం రుద్దాలి. గాజు నూలు మ్యాటు పరవాలి. దాని మీద రెజిన్ అనే జిగురు పూసి, గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకుండా రోలరుతో ఒత్తాలి. గాజు నూలు చేతుల్లో గుచ్చుకుని దురద పెడుతుంది. మొదటి నెల ఏడుస్తారు, తర్వాత అలవాటవుతుంది. మా రామగుండం ఎండల్లో రెజిన్ మగ్గులోనే గడ్డకట్టేది కాబట్టి వేసవిలో పొద్దు పొడవకముందే పని మొదలుపెట్టేవాళ్లం.

రెజిన్‌లో రెండు మందులు పడతాయి. ఒకటి కలిపి, అది బాగా కలిసిపోయాకే రెండోది పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి. చదువు రాని నేను డబ్బా రంగు చూసి గుర్తుపట్టేదాన్ని. ఒకసారి అమ్మేవాళ్లు డబ్బాలు మార్చారు. రెండూ తెల్లవే. ఆ పొద్దు పని ఆపి, శ్రీధర్ సారు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆయనది మంథని. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతూ, సెలవు రోజుల్లో మా షెడ్డుకు వచ్చి కొలతలు, లెక్కలు చూసిపెట్టేవారు. సారు ఆ డబ్బాల మీది రాత చదివి, మరుసటి ఆదివారమే పలక తెచ్చారు. నలభై దాటాక నాకు అక్షరాలు వచ్చింది అలా.

రేసు కార్ల పని అనుకోకుండా వచ్చింది. చెన్నై దగ్గర ట్రాకు వాళ్లకు కార్ల ముక్కులు విరిగినప్పుడల్లా కొత్తవి కావలసి వచ్చేవి. ఎవరి ద్వారానో బావకు ఆ పని దొరికింది. మొదటిసారి మేము పంపిన ముక్కు చూసి వాళ్లు ఫోనులో నవ్వారట. నీళ్ల ట్యాంకు మందాన చేసి పంపాం మరి. మా వైపు ఏ వస్తువైనా గట్టిగా, బరువుగా ఉంటేనే మంచిదని నమ్మకం. గనుల దగ్గర అది నిజం కూడా. ఆ నమ్మకాన్ని చెన్నై దాకా మోసుకుపోవడమే తప్పు.

తర్వాత, గనుల్లో మట్టి తీసే కాంట్రాక్టరు ఒకాయనకు తన పేరు రాసిన కారు పరుగెత్తాలని కోరిక పుట్టింది. పాత సింగిల్ సీటర్ ఒకటి కొని, చూసుకునే బాధ్యత బావకు ఇచ్చాడు. కారు ఒళ్లంతా నా పని. లెక్కలు శ్రీధర్ సారువి. నడిపేది తిరుపతి అనే కుర్రవాడు.

తిరుపతి మందమర్రిలో బొగ్గు బాయి, అంటే బొగ్గు గని, కార్మికుడి కొడుకు. మొదట మా షెడ్డు వ్యాను నడిపేవాడు. ముక్కులు చేర్చడానికి చెన్నై వెళ్లినప్పుడల్లా అక్కడివాళ్లను బతిమాలి పాత కారులో తిరిగేవాడు. చివరికి వాళ్లే బావకు ఫోను చేసి, ఈ పిల్లవాణ్ని వ్యాను మీద వృథా చేస్తున్నారని చెప్పారు. మనిషి పొడుగు, భుజాలు వెడల్పు. కారులో ఇరికి కూర్చుంటే మోకాళ్లు స్టీరింగుకు తగిలేవి. కాంట్రాక్టరు అతన్ని చూసి "బాయి పెయ్యి" అని నవ్వేవాడు. బాయి పని చేసేవాళ్ల ఒళ్లు అని. ఆ మాట ఎగతాళికి అంటున్నాడనే అనుకున్నాను అప్పుడు.

వెనక కారుకు దొరికే గాలి

ఈ సంగతి అర్థం కాకపోతే మిగతాది అర్థం కాదు. డ్రైవర్ను తిట్టే పెద్దమనుషుల్లో చాలామందికి ఇదే తెలియదు.

ఒంటరిగా పోయే కారుకు ముందు గాలి నిమ్మళంగా ఉంటుంది. ముందు రెక్కకు అది నిండుగా తగిలి, ముక్కును రోడ్డుకు నొక్కుతుంది. మలుపులో స్టీరింగ్ తిప్పితే ముక్కు తిరుగుతుంది. కానీ ముందు ఇంకో కారు ఉంటే, అది గాలిని చిలికి వదులుతుంది. వెనకవాడి రెక్కకు తగిలేది ఆ చిలికిన గాలి. దానికి బలం ఉండదు. డ్రైవర్ స్టీరింగ్ తిప్పుతాడు, ముక్కు బయటికి జారిపోతుంది. జారిన కొద్దీ ముందు టైర్లు కాగుతాయి. కాగిన కొద్దీ ఇంకా జారతాయి. ఎంత దగ్గరికి పోతే అంత జారుడు.

నేరుగా ఉన్న రోడ్డు మీద కథ తిరగబడుతుంది. ముందు కారు గాలిని చీల్చి పెట్టిన సందులో వెనక కారు సులువుగా దూసుకుపోతుంది. అయితే అంతకుముందు మలుపులో బాగా వెనకపడి ఉంటే ఆ సందు కూడా అందదు. కాబట్టి మలుపులో దగ్గరగా ఉండాలి, దగ్గరగా ఉంటే ముక్కు తిరగదు. డ్రైవర్ ఈ రెండింటి మధ్య నలుగుతాడు.

తిరుపతి దీనికి తనంతట తానే ఒక దారి కనిపెట్టుకున్నాడు. ముందు కారు వెనక సరిగ్గా పోకుండా, సగం కారంత పక్కకు జరిగి పోయేవాడు. రెక్కలో సగానికైనా మంచి గాలి తగిలేది. మలుపులోకి కొంచెం నిదానంగా దిగి, బయటికి వచ్చేటప్పుడు ముందుగా యాక్సిలేటర్ తొక్కేవాడు. శ్రీధర్ సారు అది చూసి, అదే సరైన పద్ధతి అన్నారు.

కాంట్రాక్టరుకు మాత్రం మలుపు ముందు తిరుపతి నిదానించడం ఒక్కటే కనిపించింది. పిల్లవాడికి భయం అని తేల్చేశాడు. ఆ మాట బావకు ముల్లులా గుచ్చుకుంది. తన మనిషి పిరికివాడంటే ఊరుకుంటాడా. కానీ కాంట్రాక్టరును ఎదిరించే ధైర్యం లేదు. కారును మార్చి తిరుపతి ధైర్యం చూపించాలనుకున్నాడు.

డంపర్ బుద్ధి

వానాకాలం ఖాళీ డంపర్ గని రోడ్డు మీద జారుతుంది. నిండుగా లోడు వేస్తే నేలను పట్టుకుని పోతుంది. బావ ఇరవై ఏళ్లు కళ్లారా చూసిన నిజం అది. ముక్కు జారుతోంది కాబట్టి ముక్కులో లోడు వేయాలన్నాడు. సీసం కడ్డీలు తెచ్చి, ముక్కు లోపల వాటికి ఫైబరుతో పెట్టెలాంటి అర చెయ్యమన్నాడు. మొత్తం కలిపితే చంకనెత్తుకునే పిల్లవాడంత బరువు.

శ్రీధర్ సారు ఆ పొద్దు షెడ్డులోనే ఉన్నారు.

"కొమురయ్యా, లోడు డంపర్‌ను మూల మీద ఎంత స్పీడుతోని తిప్పుతవు?"

"తిప్పుతనా? పానం మీద తీపి లేదా నాకు. మెల్లగ పోనిస్త."

"మరి గీ కారును?"

"గది డంపరు సారూ, గిది కారు."

మేమంతా నవ్వాం. బావ నవ్వలేదు. రెక్క నొక్కుడు వేరు, బరువు నొక్కుడు వేరు అని సారు ఓపికగా చెప్పారు. రెక్క నొక్కినప్పుడు టైరుకు పట్టు దొరుకుతుంది, మోయడానికి అదనంగా ఏమీ ఉండదు. సీసం కూడా టైరును నొక్కుతుంది, కానీ మలుపులో అది తన దారిన నేరుగా పోతానంటుంది. దాన్ని ఆపాలి, తిప్పాలి, మళ్లీ పరుగెత్తించాలి. ఆ పనంతా టైర్ల మీదే పడుతుంది. బావ విన్నాడు. అర చెయ్యమని నాతో మళ్లీ చెప్పాడు. అది నా పని, చేశాను.

పరీక్షకు ఒంటరిగా నడిపినప్పుడు ముక్కు బాగానే తిరిగింది. బావ మీసం దువ్వుకున్నాడు. రేసులో నాలుగైదు చుట్లు తిరిగేసరికి ముందు టైర్లు చచ్చిపోయేవి. బ్రేకు ముందుగా తొక్కాల్సి వచ్చేది. తిరుపతి ఇదివరకటి కంటే ఇంకా నిదానించాడు. కాంట్రాక్టరుకు తన మాటే నిజమైనట్టు తోచింది.

ఈ రేసుల్లో కారును, డ్రైవర్నూ కలిపి తూస్తారు. ఇంతకంటే తక్కువ ఉండకూడదని ఒక హద్దు ఉంటుంది. ఎక్కువ ఉంటే అడిగేవాడు లేడు, నష్టం నీదే. తిరుపతి ఒంటి బరువుతో మా కారు ముందే హద్దు దాటి ఉంది. దాని మీద సీసం. తూకం చూసి కాంట్రాక్టరు మండిపడ్డాడు. అప్పుడు బరువు తగ్గించాలని కాంట్రాక్టరు, బావ కలిసి తీర్మానించారు. సీసం తీసేస్తారనుకున్నాను. డ్రైవర్ను తగ్గమన్నారు.

ముక్కులో సీసం పెట్టి పళ్లెంలో అన్నం తీశారు.

డ్యూటీకి పోయే మనిషి

మా గనుల క్వార్టర్లలో ఒక పద్ధతి ఉంది. షిఫ్టుకు పోయే మనిషిని ఆకలితో పంపరు. ఇంట్లో ఎంత కొట్లాట జరిగినా సరే, మొదటి షిఫ్టు అంటే ఆడమనిషి చీకట్లోనే లేచి వండుతుంది. అలిగి తినకుండా బయలుదేరిన మొగవాణ్ని పక్కింటావిడ గేటు దగ్గర ఆపి రెండు ముద్దలు పెట్టి పంపడం నేను చూశాను. బాయిలో దిగేవాడి కాళ్లలో బలం లేకపోతే అతనికే కాదు, పక్కవాడికీ ప్రమాదం. ఇది తెలియని ఇల్లు మా వైపు లేదు.

ఆ ఇళ్లలో పుట్టిన తిరుపతికి పొద్దున ఒక రొట్టె, మధ్యాహ్నం మజ్జిగ. ఎండలో రెయిన్ కోటు తొడుక్కుని పరుగెత్తేవాడు, చెమట పోవాలని. రేసు ముందు రోజు నీళ్లు కూడా లెక్కగానే. ఎముకలు పెద్దవైన మనిషి, ఎంత మాడ్చుకున్నా ఎంత తగ్గుతాడు? తగ్గిందంతా కండ. స్టీరింగ్ తిప్పేది ఆ కండతోనే.

ఎందుకు ఒప్పుకున్నాడని మీరు అడగొచ్చు. సీజను చివరి రేసుల తర్వాత వచ్చే ఏడాది సీటు ఎవరిదో తేల్చుతానని కాంట్రాక్టరు చెప్పాడు. హైదరాబాదులో ఒక సన్నటి పిల్లవాడు ఉన్నాడని, వాళ్ల నాన్న ఖర్చు కూడా పెట్టుకుంటాడని తిరుపతి వినేటట్టుగానే చెప్పాడు. తిరుపతికి ఆ సీటు తప్ప ఇంకో సీటు లేదు. అది పోతే మళ్లీ వ్యానే.

శనివారం, ఆదివారం

చివరి రేసులు చెన్నైలో రెండు రోజులు. శనివారం ఎండకు ట్రాకు పక్కన ఇనుప కడ్డీ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. తిరుపతి రెండో స్థానంలో ఉన్న కారును వెంటాడుతున్నాడు. ప్రతి మలుపులో దగ్గరికి పోవడం, ముక్కు జారడం, వెనకపడడం. అలా చాలాసేపు సాగింది. చివరి చుట్లలో ఒక మలుపు దగ్గర కారు అసలు తిరగనే లేదు. నేరుగా పోయి టైర్ల గోడను కొట్టింది.

దెబ్బలేం తగల్లేదు. కానీ తనంతట తాను కారులోంచి లేవలేకపోయాడు. ఇద్దరు పట్టి లేపారు. హెల్మెట్ తీస్తే పెదవులు తెల్లగా ఉన్నాయి. దవాఖాన వ్యానులో గ్లూకోజు ఎక్కించారు. కాంట్రాక్టరు వచ్చి మొదట అడిగిన మాట, ముక్కు ఎంత విరిగింది అని. మనిషి సంగతి రెండో మాటగా కూడా అడగలేదు.

విరిగిన ముక్కు నా ముందుకు వచ్చింది. సీసం పెట్టిన అర చీలి కడ్డీలు బయటికి కనిపిస్తున్నాయి. వాటిని తీసి నేల మీద పెట్టి మ్యాటు కత్తిరిస్తున్నాను. బావ వచ్చి నిలబడ్డాడు.

"అర మళ్ల గట్నే చెయ్యి, రాజీ."

"చెయ్య."

"ఏంది?"

"చెయ్య బావా. నువ్వు చేసుకుంటే చేసుకో, రెజిన్ గాడున్నది. ఒక్కటి చెప్పు నాకు. నువ్వు ఇరవై ఏండ్లు డ్యూటీకి పోయినవ్. మా అక్క ఒక్కపూట నిన్ను ఆకలితోని పంపిందా?"

బావ నేల మీది కడ్డీల వైపు చూశాడు.

"గా పోరన్ని కన్నతల్లి మందమర్రిల ఉన్నది. ఈడ వానికి ఎవరున్నరు? మనమే కదా ఉన్నది."

 బావ వంగి, సీసం కడ్డీలు రెండు చేతులా ఎత్తుకుని, తీసుకుపోయి వ్యానులో పడేశాడు. నేను ముక్కును పలుచగా, అర లేకుండా పోశాను. శ్రీధర్ సారు, ముక్కు మరీ తేలిపోకుండా ముందు రెక్కను కొంచెం వంచి నొక్కుడు సరిచేశారు.

ఆదివారం పొద్దున అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు పచ్చడి తీసుకుని తిరుపతి దగ్గరికి వెళ్లాను. వద్దన్నాడు.

"గీ ఒక్కరోజు అక్కా. రేపటి సంది కడుపు నిండ తింట."

"రేపు నువ్వేం తింటవో నేను చూడవస్తనా. ఇయ్యాల తిని పో."

తలుపు దగ్గర బావ నిలబడి ఉన్నాడు. తిరుపతి ఆయన వైపు చూశాడు. బావ తల పంకించి బయటికి వెళ్లిపోయాడు. తిరుపతి తిన్నాడు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

ఆ రేసులో ఐదో స్థానం నుంచి బయలుదేరాడు. మళ్లీ తన పద్ధతిలో సగం కారంత పక్కకు జరిగి, మలుపులోకి నిదానంగా దిగి, త్వరగా బయటపడి, నేరు రోడ్డు మీద ముందు కారు చీల్చిన గాలిలో దూరి ఒకణ్ని దాటాడు. కొన్ని చుట్ల తర్వాత ఇంకొకణ్ని. మూడో స్థానంలో ముగించాడు. చివరిదాకా అతని టైర్లు బతికే ఉన్నాయి. మా పాత కారుకు అంతకుముందెప్పుడూ ఆ స్థానం రాలేదు.

కాంట్రాక్టరు కూలింగ్ గ్లాసులు తుడుచుకుంటూ వచ్చాడు. పొద్దున తిరుపతి తిన్న సంగతి ఎవరో చెప్పినట్టున్నారు.

"తిన్నడు కాబట్టి మూడోది వచ్చింది కొమురన్నా. తినకపోతే రెండోది వస్తుండె."

తిరుపతి పక్కనే నల్లా కింద ముఖం కడుక్కుంటున్నాడు. నీళ్లు కారుతుండగానే తిరిగి చూశాడు. గొంతు పెంచలేదు.

"సీటు నాకు ఇయ్యకున్రి సార్, మీ ఇష్టం. కని బరువున్న అందుకు ఇస్తలేనని చెప్పకున్రి. మా నాయిన కాడ పైసల్లేవు గనుక ఇస్తలేనని చెప్పున్రి."

కాంట్రాక్టరు నవ్వి, అతని తడి భుజం మీద తట్టి వెళ్లిపోయాడు. సీటు హైదరాబాదు పిల్లవాడికి వెళ్లింది. తిరుపతి ఇప్పుడు ఓపెన్‌కాస్ట్‌లో మట్టి డంపర్ నడుపుతున్నాడు. మంచి ఆపరేటర్ అని పేరు. డంపర్ నడపడంలో తక్కువేమీ లేదు, మా బావ ఇరవై ఏళ్లు అదే చేశాడు. కానీ ఆ సీటు తిరుపతిది. అతని దగ్గర్నుంచి దాన్ని ఒక అబద్ధం చెప్పి లాక్కున్నారు.

కొత్త డ్రైవర్

కొన్నాళ్లకు ఆ హైదరాబాదు అబ్బాయి సీటు కొలత ఇవ్వడానికి మా షెడ్డుకు వచ్చాడు. సీటు ఎలా చేస్తామంటే, కారులో పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి, అందులో రెండు డబ్బాల మందు కలిపితే పొంగే నురుగు పోసి, దాని మీద డ్రైవర్ను కూర్చోబెడతాం. నురుగు అతని నడుముకు, వీపుకు అతుక్కుని గట్టిపడుతుంది. ఆ ఆకారం మీద ఫైబర్ పోస్తాం.

పిల్లవాడు మర్యాదస్తుడు. చేతులు పుల్లల్లా ఉన్నాయి. అతన్ని, కారును కలిపి తూస్తే హద్దు కంటే తక్కువ వచ్చింది. కాబట్టి సీటు కింద సీసం బిగించాల్సి వచ్చింది. అది నియమం ప్రకారమే, పెట్టాల్సిన చోటే పెట్టాం. చాయ్ ఇస్తే తాగలేదు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే రాలేదు.

"కాంట్రాక్టర్ సార్ తినొద్దన్నరు ఆంటీ."

"ఎందుకు బిడ్డా? నీ బరువు సాల్తలేదనే కదా కింద సీసం పెట్టింది."

"తెల్వదు ఆంటీ. తినొద్దని చెప్పిన్రు."

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. తిరుపతి విషయంలో వాళ్లకు కావలసింది తూకం కాదు. కారును సరిచేయాలంటే తాము నేర్చుకోవాలి, ఖర్చు పెట్టాలి, తప్పు ఒప్పుకోవాలి. డ్రైవర్ను మాడ్చాలంటే ఒక్క మాట చాలు. లావువాడైనా సన్నవాడైనా వాళ్లకు ఒకటే.

ఈ పనిలోకి వచ్చే పిల్లలారా, ఇది మీ చేతుల్లో ఉన్న పని కాబట్టి చెబుతున్నాను. మాడిన ఒంటికి సీటు కొలత తీస్తే, అది మాడిన ఒంటికే సరిపోతుంది. ఆ మనిషి ఎప్పుడైనా కడుపునిండా తింటే ఆ సీటు అతని పక్కటెముకల్ని నొక్కుతుంది.

నురుగు డబ్బాలు రెండూ మూత పెట్టి పక్కన ఉంచాను. పళ్లెం కడిగి అన్నం వడ్డించాను. అతను ఇటూ అటూ చూశాడు. బావ తన పీట ఈడ్చుకుని వచ్చి అతని పక్కన కూర్చుని తానూ పళ్లెం పెట్టించుకున్నాడు. ఇద్దరూ తిని చేతులు కడుక్కున్నాకే కొలత తీసుకున్నాను.